ఎంఓటీ హిస్టరీ చదివి పాత కారు సంగతి తేల్చుకోవడం ఎలా?

యూకేలో సెకండ్ హ్యాండ్ కారు వెతుక్కుంటున్న మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "కారుకి కొత్తగా ఎంఓటీ చేయించారట, ఇంకో ఏడాదిదాకా ఢోకా లేదంటున్నారు, తీసుకోమంటారా?" ఎంఓటీ అంటే కారు రోడ్డు మీద తిప్పడానికి తగినదేనా అని ఏటా చేసే తప్పనిసరి పరీక్ష. ఆ ఒక్క పాస్ చూసి తీసుకోవద్దు. ఆ రోజు, ఆ గంటలో కారు రోడ్డెక్కడానికి కనీస అర్హత ఉందని చెప్పడం వరకే ఎంఓటీ పని. మర్నాడే క్లచ్ పోయినా టెస్టర్ తప్పు చెప్పినట్టు కాదు.

అదే కారుకి ఇన్నేళ్లుగా జరిగిన ఎంఓటీలన్నీ వరసగా పెట్టుకుని చదివితే మాత్రం సంగతి వేరు. దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారో చాలావరకు అక్కడే బయటపడుతుంది. పైసా ఖర్చు లేని అరగంట పని ఇది. పాసా, ఫెయిలా అన్నది పక్కన పెట్టండి. ఒక ఏడాది టెస్టర్ "ఇది అరుగుతోంది, చూసుకోండి" అని రాసినదానికి మరుసటి ఏడాదికల్లా ఏమైందో వెతకండి. కింది మెట్లన్నీ దానికోసమే.

కావలసినవి

- కారు మీద ఇప్పుడున్న నంబర్ ప్లేటు నంబర్. ప్రకటన ఫోటోలో కనిపిస్తే చాలు. ప్లేటు మసకబరిచి ఫోటో పెట్టినవాళ్లని నంబర్ అడగండి. ఇవ్వడానికి ఇష్టపడకపోతే అక్కడితో వదిలేయండి.
- వీ5సీ, అంటే లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం), మీద ఉండే 11 అంకెల డాక్యుమెంట్ రిఫరెన్స్ నంబర్. ఇది అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది, కారు చూడ్డానికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.
- ఒక కాగితం, లేదా ఫోన్‌లో ఎక్సెల్ షీటు.
- కారు దగ్గరికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, పాత గుడ్డ, 20 పెన్స్ బిళ్ల. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే చిన్న పరికరం) ఉంటే మరీ మంచిది, లేకపోయినా పని ఆగదు.

మొదలుపెట్టే ముందు రెండు ముక్కలు

ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో కారుకి మొదటి ఎంఓటీ రిజిస్టరైన మూడేళ్లకి, ఉత్తర ఐర్లాండ్‌లో నాలుగేళ్లకి. ఆ తర్వాత ఏటా. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, స్టీరింగ్, లైట్లు, సీటు బెల్టులు, పొగ, బాడీలో తుప్పు, ఇవన్నీ చూస్తారు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సుల స్థితి చూడరు. ఏ భాగాన్నీ విప్పి చూడరు. ఈ రెండూ మరిచిపోతే కింద రాసినదంతా తప్పుగా చదువుతారు.

2018 మే 20 నుంచి లోపాలకి మూడు తరగతులు పెట్టారు. డేంజరస్ అంటే బాగుచేసేదాకా కారు నడపకూడదు. మేజర్ అంటే ఫెయిల్. మైనర్ అంటే పాసే, కానీ త్వరగా చేయించుకోవాలి. వీటికి తోడు అడ్వైజరీ: ఇప్పటికి పర్వాలేదు, ముందు ముందు ఇబ్బంది కావచ్చు అని. అంతకు ముందు జరిగిన టెస్టుల్లో ఫెయిల్ కారణాలు, అడ్వైజరీలు మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి 2017లో మైనర్లు లేవు, 2019లో ఉన్నాయి అంటే కారు చెడిపోయిందని కాదు, రాసే పద్ధతి మారింది.

రికార్డుల్లో నియర్‌సైడ్ అంటే పేవ్‌మెంట్ వైపు, అంటే ఎడమ. ఆఫ్‌సైడ్ అంటే డ్రైవర్ కూర్చునే కుడివైపు. ఇది తెలియక రెండు వేర్వేరు టైర్లని ఒకటే అనుకునేవాళ్లు చాలామంది.

1. రికార్డు తెరిచి, అది ఆ కారుదేనని నిర్ధారించుకోండి

గవ్ డాట్ యూకేలో "చెక్ ద ఎంఓటీ హిస్టరీ ఆఫ్ ఎ వెహికిల్" పేజీలో నంబర్ కొట్టండి. తయారీ, మోడల్, రంగు, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ ప్రకటనతో కలవాలి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ టెస్టులు 2005 నుంచి, ఉత్తర ఐర్లాండ్‌వి 2017 నుంచి దొరుకుతాయి. రీకాల్ పని (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలిచి చేసేది) ఏదైనా చేయించకుండా మిగిలిపోయిందేమో కూడా అక్కడే చూడండి. రీకాల్ పనిని కంపెనీ డీలర్ ఉచితంగా చేస్తారు. ఆ కారణంగా కారు వదులుకోనక్కర్లేదు, కానీ కొన్న వెంటనే చేయించుకోవాలి.

పనిలో పనిగా డీవీఎల్ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) వారి వెహికిల్ ఎంక్వైరీ పేజీలోనూ అదే నంబర్ కొట్టండి. అక్కడ "చివరి వీ5సీ జారీ అయిన తేదీ" ఉంటుంది. అమ్మే మనిషి "నాలుగేళ్లుగా మా ఇంట్లోనే ఉంది" అంటుంటే, లాగ్‌బుక్ ఐదు వారాల కిందట జారీ అయివుంటే, ఎందుకని అడగాల్సిందే. అడ్రస్ మారినా, ప్లేటు మార్చినా కొత్త వీ5సీ వస్తుంది, కాబట్టి ముందే దొంగతనం అంటగట్టకండి. జవాబు సూటిగా వస్తోందా, నీళ్లు నములుతున్నారా అన్నది గమనించండి.

2. పాతదాని నుంచి కొత్తదానికి తిరగరాయండి

సైటులో తాజా టెస్టు పైన, పాతవి కింద ఉంటాయి. అలాగే చదివితే వరస తలకెక్కదు. కాగితం మీద మొదటి టెస్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసలో తేదీ, మైళ్లు, ఫలితం, ఏ భాగం, ఏ వైపు, ఇవి రాసుకోండి. పదేళ్ల కారుకి పదిహేను నిమిషాలు పడుతుంది. దీన్ని ఎగ్గొట్టకండి. తెర మీద కళ్లు పరిగెత్తిస్తే రెండేళ్ల కిందటి బ్రేకు పైపు మాట గుర్తుండదు.

3. మైళ్ల లెక్క తేల్చండి

ప్రతి రెండు టెస్టుల మధ్య ఎన్ని మైళ్లు తిరిగిందో పక్కన వేయండి. ఏడాదికి 7,000 నుంచి 10,000 మధ్య ఉంటే మామూలు వాడకం.

- అంకె వెనక్కి వెళితే ముందు టైపింగ్ తప్పేమో చూడండి. 58,400 తర్వాత 85,900, ఆ తర్వాత 66,100 అంటే మధ్యలోది తారుమారైన అంకె. ముందు వెనకల లెక్క కుదిరితే అది ఏమార్చడం కాదు.
- వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మామూలుగా పెరుగుతూ పోతే మీటరు తిప్పారు, లేదా మీటరే మార్చారు. మార్చినట్టు బిల్లు చూపించకపోతే వద్దు.
- ఏటా 18,000 తిరిగిన కారు ఉన్నట్టుండి రెండేళ్లు 2,500 చొప్పున తిరిగితే ఆరా తీయండి. ఓనర్ మారివుండొచ్చు, ఉద్యోగం మారివుండొచ్చు, టెస్టుకి ముందు మీటరు వెనక్కి తిప్పివుండొచ్చు కూడా.
- దిగుమతి కార్లలో కిలోమీటర్లు, మైళ్లు కలగాపులగం అవుతాయి. అంకె పక్కన ఏ కొలత రాశారో చూడండి. 1 మైలు అంటే దాదాపు 1.6 కిలోమీటర్లు.

తక్కువ మైళ్లు చూసి మురిసిపోవద్దని ఇక్కడే చెప్పాలి. ఏడాదికి 1,500 మైళ్లే తిరిగిన కారులో బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు బిగుసుకుంటాయి, టైర్లకి గాడి బాగానే ఉన్నా రబ్బరు బీటలు వారుతుంది. డీజిల్ అయితే పొగగొట్టంలో మసిని వడపోసే డీపీఎఫ్ ఆ మసితోనే పూడుకుపోతుంది. "బ్రేక్స్ ఇంబాలెన్స్‌డ్", "టైర్ క్రాకింగ్ ఆర్ పెరిషింగ్" అనే మాటలు కనిపిస్తే, కారు ఎక్కువకాలం కదలకుండా పడుందని లెక్క.

4. తేదీల్లో ఖాళీలు వెతకండి

ఏడాదిన్నర, రెండేళ్లు టెస్టు లేకపోతే కారణం కావాలి. ఎస్ఓఆర్ఎన్ చేసి (కారు రోడ్డెక్కించడం లేదని డీవీఎల్ఏకి చెప్పి) ఇంట్లో పెట్టివుండొచ్చు, యాక్సిడెంట్ తర్వాత బాగుచేస్తూ ఉండివుండొచ్చు, ఎంఓటీ లేకుండానే తిప్పివుండొచ్చు. ఖాళీకి ముందూ వెనకా మైళ్లు చూడండి. ఖాళీలో 9,000 మైళ్లు పెరిగితే కారు షెడ్డులో లేదన్నమాట.

ఒక మినహాయింపు: 2020 మార్చి 30 నుంచి జూలై 31 మధ్య గడువు తీరిన కార్లకి కోవిడ్ కారణంగా ఆరు నెలల పొడిగింపు ఇచ్చారు. ఆ ఏడాది 18 నెలల ఖాళీ ఉంటే, అదొక్కటే అయితే, తప్పు పట్టనక్కర్లేదు.

5. ఫెయిళ్లను మూడు కుప్పలుగా విడదీయండి

మొదటి కుప్ప అరుగుదల: టైర్లు, ప్యాడ్లు, డిస్కులు, వైపర్లు, బల్బులు, సస్పెన్షన్‌లోని బుష్‌లు (రబ్బరు కీళ్లు), డ్రాప్ లింకులు. ఇవి ఏ కారుకైనా వస్తాయి. విరిగిన కాయిల్ స్ప్రింగ్ పేరు వినగానే చాలామంది జడుసుకుంటారు. ఉప్పు చల్లే రోడ్లు, స్పీడు బంపులు, గుంతలు ఉన్నచోట అది మామూలే, మార్చేస్తే అయిపోయింది.

రెండో కుప్ప నిర్లక్ష్యం: ఒకే టెస్టులో రెండు బల్బులు, బోడి టైర్లు, నీళ్లు లేని వాషర్, అరిగిపోయిన వైపర్లు. ఒక్కొక్కటీ పది నిమిషాల పని. కానీ టెస్టుకి తీసుకెళ్లే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడని ఓనర్, ఇంజిన్ ఆయిల్ సకాలంలో మార్పించి ఉంటారని నమ్మడం కష్టం. టైరు లోపలి తీగలు బయటపడేదాకా తిప్పితే రికార్డులో డేంజరస్ అని ఉంటుంది. ఓనర్ సంగతి చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

మూడో కుప్ప తుప్పు, పొగ, వార్నింగ్ లైట్లు. వీటికి కింద విడిగా మెట్లున్నాయి.

ఫెయిల్‌కి, తర్వాతి పాస్‌కి మధ్య ఎన్ని రోజులో కూడా చూడండి. అదే రోజు, మర్నాడు అయితే చిన్న పని. మూడు నెలల తర్వాత పాసైతే, డబ్బు కోసం ఆగారా, కారు వదిలించుకోవాలనుకున్నారా, చేతులు మారిందా అని అడగండి.

6. అడ్వైజరీలను ఏడాది నుంచి ఏడాదికి వెంబడించండి

ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడ. మీ కాగితం మీద ఒక్కో అడ్వైజరీకి గీత గీసి, మరుసటి ఏడాది అదే భాగం, అదే వైపు ఏమైందో కలపండి. నాలుగు రకాల ముగింపులు కనిపిస్తాయి.

మాయమైంది, మళ్లీ రాలేదు: చేయించారు. "ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్స్ వేరింగ్ థిన్" అని ఉండి మరుసటి ఏడాది ఆ ఊసే లేకపోతే ప్యాడ్లు కొత్తవి పడ్డాయి. ఇలాంటివి నాలుగైదు కనిపిస్తే ఆ ఓనర్ చేతిలో కారు భద్రంగా ఉందని చెప్పొచ్చు.

అలాగే ఉంది: "ఆయిల్ లీక్, బట్ నాట్ ఎక్సెసివ్" అని మూడేళ్లు వరసగా ఉంటే, కారుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఎంత కారుతోందో తర్వాత చేత్తో చూడాలి. అన్ని అడ్వైజరీలకీ ఒకే బరువు వేయకండి. "అండర్‌ట్రేస్ ఫిట్టెడ్ అబ్‌స్క్యూరింగ్ సమ్ అండర్‌సైడ్ కాంపొనెంట్స్" అంటే కింద ప్లాస్టిక్ కవర్ అడ్డం ఉంది, లోపల చూడలేకపోయాను అని మాత్రమే. అది లోపం కాదు, ప్రతి ఏడాదీ వస్తుంది. కాకపోతే ఆ కవర్ వెనక ఏముందో ఎవరికీ తెలియదని గుర్తుపెట్టుకోండి.

ముదిరి ఫెయిలైంది: ఈ ఏడాది అడ్వైజరీ, వచ్చే ఏడాది అదే మేజర్. ఒకసారి జరిగితే పర్వాలేదు. ప్రతిదీ ఇలాగే అయితే ఆ ఓనర్‌కి ఎంఓటీయే సర్వీసింగ్. ఫెయిలైన భాగం తప్ప ఇంకేదీ మార్చరు. ఇలాంటి కారు చేతికొచ్చిన మొదటి ఏడాదే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మార్చిన భాగమే మళ్లీ వచ్చింది: ఇది అన్నిటికన్నా చెడ్డది. ఒకే వైపు ముందు టైరు లోపలి అంచు ఏటా అరిగిపోతుంటే తప్పు టైరుది కాదు, వీల్ అలైన్‌మెంట్‌ది. లేదా సస్పెన్షన్ ఆర్మ్ బుష్ పోయింది, లేదా ఎప్పుడో గట్టిగా గుద్దుకుని ఏదో వంగింది. కొత్త టైరు వేసి "బాగుచేశాం" అంటే అది కంటితుడుపే.

7. తుప్పు మాటలు ఎక్కడున్నా గుండ్రం చుట్టండి

ఇంజిన్ పాడైతే మార్చొచ్చు. పునాది తుప్పు పట్టిన కారుకి ఎంత పెట్టినా అతుకుల బొంతే. సముద్రతీరంలో తిరిగిన కార్లు, చలికాలం ఉప్పు రోడ్ల మీద ఎక్కువ తిరిగినవి మరీ జాగ్రత్తగా చూడాలి.

"సర్ఫేస్ కొరోజన్" అంటే పైపైన పట్టిన తుప్పు. ఎనిమిదేళ్ల కారుకి సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ మోసే కింది చట్రం) మీద ఇది ఉండటం వింత కాదు. "బ్రేక్ పైప్ కొరోడెడ్" వస్తే ఎన్నేళ్ల నుంచి వస్తోందో లెక్కపెట్టండి. "కవర్డ్ ఇన్ గ్రీజ్" అని చేర్చివుంటే పైపు మీద గ్రీజు పూసివుంది, కింద ఎంత తినేసిందో టెస్టర్‌కీ కనిపించలేదు. కొనబోయేవాళ్లు అది పోయే పైపు కిందే లెక్కేసుకోవాలి.

"ప్రిస్‌క్రైబ్డ్ ఏరియా" అన్న మాట కనిపిస్తే ఆగండి. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు భాగం అది. అక్కడ బలం తగ్గేంత తుప్పు ఉంటే ఫెయిల్, బాగుచేయడం అంటే కొత్త రేకు పెట్టి చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేయాలి. పుట్టీ నింపి రంగు పూస్తే చెల్లదు. సిల్స్‌కి (తలుపుల కింద పొడవునా ఉండే బాడీ అంచులకి) వెల్డింగ్ ఒకసారి జరిగిందంటే రెండో వైపు కూడా దారిలో ఉందనుకోండి, ఎందుకంటే రెండు వైపులా తడిసింది ఒకే నీళ్లలో. పొద్దున తుప్పుతో ఫెయిలై సాయంత్రానికి పాసైన కారుకి వెల్డింగ్ ఫోటోలు, బిల్లు అడగండి.

నిరుడు తుప్పు గురించి మూడు వరసలుండి, ఈ ఏడాది "అండర్‌సైడ్ హెవీలీ అండర్‌సీల్డ్" అని ఒకే వరస ఉంటే, తుప్పు పోలేదు, నల్లటి పూత కిందకి చేరింది.

8. పొగ, వార్నింగ్ లైట్లు

ఎంఓటీ ఇంజిన్‌ని చూడదు, అయినా ఇంజిన్ ఆరోగ్యం కొంతైనా బయటపడేది ఇక్కడే. పెట్రోల్ కారుకి ల్యాంబ్డా (గాలి, ఇంధనం పాళ్ల కొలత), కార్బన్ మోనాక్సైడ్ అంకెలు హద్దు దాటి ఫెయిలైతే సెన్సర్ నుంచి పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ దాకా ఏదైనా కావచ్చు. ఒకసారి ఫెయిలై, తర్వాత మూడేళ్లు ఏ మాటా లేకపోతే సరిగ్గా బాగైందనే అర్థం. ప్రతి రెండో ఏడాదీ వస్తుంటే అసలు జబ్బు వదల్లేదు.

డీజిల్‌లో డీపీఎఫ్ పీకేస్తే ఫెయిల్. డీపీఎఫ్ ఉన్న కారు ఏ రంగు పొగ కనిపించేలా వదిలినా ఫెయిలే. ఇంజిన్ లైటు వెలుగుతుంటే 2018 మే నుంచి మేజర్. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లదీ అదే దారి. ఇలాంటి ఫెయిల్ గంటలోనే పాస్‌గా మారితే భాగం మార్చారా, కోడ్ చెరిపేశారా అన్న అనుమానం న్యాయమైనదే. కారు దగ్గర ఓబీడీ రీడర్ పెట్టినప్పుడు "రెడీనెస్ మానిటర్లు" (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే తనిఖీలు) చాలావరకు పూర్తి కాలేదని వస్తే ఈ మధ్యే కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు.

9. అమ్మకానికి ముందు చేయించిన టెస్టును విడిగా తూకం వేయండి

గడువుకి ఒక నెలలోపు టెస్టు చేయిస్తే పాత తేదీ నిలుస్తుంది. అంతకన్నా ముందు చేయిస్తే మిగిలిన నెలలు పోతాయి. అయినా ఐదారు నెలలుండగానే చేయించారంటే అది అమ్మకం కోసమే. అందులో తప్పేం లేదు. కానీ అంతకు ముందు టెస్టులో ఐదు అడ్వైజరీలుండి, 800 మైళ్ల తర్వాత ఈ కొత్త టెస్టులో ఒక్కటీ లేదంటే రెండే దారులు: ఐదింటికీ బిల్లులుండాలి, లేదా ఆ టెస్టర్ చూసీ చూడనట్టు వదిలేశారు. బిల్లులు లేకపోతే పాత టెస్టునే నిజమనుకుని ధర మాట్లాడండి.

వీ5సీ మీది 11 అంకెల నంబర్ చేతికొస్తే ఏ టెస్టు ఏ సెంటర్‌లో జరిగిందో కూడా చూడొచ్చు. ఆరేళ్లు ఒకే ఊళ్లో ఒకే గ్యారేజ్‌లో టెస్టయి, చివరిది మాత్రం వంద మైళ్ల దూరంలో జరిగితే, కారు వేలంలోనో డీలర్ల మధ్యనో చేతులు మారివుండొచ్చు. అడిగి తెలుసుకోండి.

10. అదే మోడల్ కార్లు ఇంకో ఆరు వెతికి పోల్చండి

ఇది దాదాపు ఎవరూ చేయరు, కానీ చాలా లాభం. మీరు చూస్తున్న మోడల్, అదే ఇంజిన్, రెండేళ్లు అటూ ఇటూ, ప్రకటనల్లో ప్లేటు కనిపిస్తున్న ఆరు కార్ల హిస్టరీ తెరవండి. ఆరింటిలో నాలుగింటికి వెనక స్ప్రింగ్ విరిగితే అది ఆ మోడల్ బలహీనత, ఈ ఓనర్ తప్పు కాదు. మిగతా ఐదింటికి లేని తుప్పు మీ కారుకే ఉంటే అది ఈ కారు సొంత జబ్బు.

ఒక రికార్డు దగ్గరగా చూద్దాం

చూపించడానికి అల్లిన రికార్డు ఇది. 2013 ఏప్రిల్‌లో రిజిస్టరైన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అనుకోండి.

- 2019 ఏప్రిల్, 41,200 మైళ్లు, పాస్. అడ్వైజరీ: ముందు టైర్లు రెండూ హద్దుకి దగ్గర.
- 2020 అక్టోబర్, 46,900, ఫెయిల్: ముందు టైర్లు రెండూ. మర్నాడు పాస్. అడ్వైజరీ: వెనక బ్రేకు పైపు తుప్పు.
- 2021 అక్టోబర్, 50,100, పాస్. అడ్వైజరీ: వెనక బ్రేకు పైపు తుప్పు, నియర్‌సైడ్ ముందు ఆర్మ్ బుష్ అరిగింది.
- 2022 అక్టోబర్, 57,800, ఫెయిల్: వెనక బ్రేకు పైపు, ఆఫ్‌సైడ్ ముందు స్ప్రింగ్. నాలుగు రోజులకి పాస్. అడ్వైజరీ: అదే బుష్.
- 2023 అక్టోబర్, 64,300, ఫెయిల్: అదే బుష్. రెండు రోజులకి పాస్. అడ్వైజరీ: నియర్‌సైడ్ సిల్ తుప్పు, ఆయిల్ లీక్, వెనక డిస్కులు.
- 2024 ఫిబ్రవరి, 65,100, పాస్. అడ్వైజరీలు లేవు.

మైళ్లు సక్రమంగా పెరిగాయి, అనుమానం లేదు. 2020లోని 18 నెలల ఖాళీ కోవిడ్ పొడిగింపు. స్ప్రింగ్ విరగడం మామూలు. కానీ టైర్ల గురించి ముందే చెప్పినా ఇంకో 5,700 మైళ్లు వాటి మీదే తిరిగారు. బ్రేకు పైపు గురించి రెండుసార్లు చెప్పారు, మూడోసారి ఫెయిలయ్యేదాకా చేయించలేదు. బుష్ కూడా అంతే. ఈ ఓనర్ ఫెయిలైతే తప్ప గ్యారేజ్ మెట్లెక్కరు. ఇక గడువు ఎనిమిది నెలలుండగానే ఫిబ్రవరిలో టెస్టు చేయించి, సిల్, లీక్, డిస్కులు మూడూ మాయం. మూడింటికీ బిల్లులు చూపిస్తే సరే. లేదంటే ఈ మూడు ఖర్చులూ మీ నెత్తిన పడతాయని లెక్కేసుకోండి, సిల్ మాత్రం కళ్లారా చూడకుండా ముందుకి వెళ్లకండి.

11. కారు దగ్గరికెళ్లి రికార్డును సరిచూడండి

మీ కాగితంలో గుండ్రం చుట్టినవే ముందు చూడండి.

- టైర్లు: చట్టం ప్రకారం మధ్యనున్న ముప్పాతిక వంతు వెడల్పులో 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. 20 పెన్స్ బిళ్ల గాడిలో నిలబెట్టండి, అంచు పట్టీ బయటికి కనిపిస్తే గాడి అనుమానమే. లోపలి అంచు చూడ్డానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పండి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం.
- తుప్పు: సిల్స్ కింద టార్చి వేసి, వేలితో నొక్కండి. రేకు పొరలుగా రాలితే, మెత్తగా లోపలికి పోతే అక్కడితో బేరం ముగిసింది. కారు కిందకి ఎప్పుడూ దూరకండి, జాకీ మీద ఉన్నప్పుడు అసలే వద్దు.
- లీకు: ఇంజిన్ కింద గుడ్డతో తుడిచి, నడిపి వచ్చాక మళ్లీ తుడవండి. రెండోసారి తడి ఉంటే ఇంకా కారుతోంది.
- లైట్లు: ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమో అనుమానించండి.
- మైళ్లు: చివరి టెస్టు అంకెకన్నా మీటరులో ఎక్కువే ఉండాలి.

12. ఎంఓటీ చెప్పనివాటికి వేరే కాగితాలు చూడండి

మొదటి మూడేళ్లకి ఎంఓటీ ఉండదు కాబట్టి సర్వీస్ రికార్డే దిక్కు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. కొన్ని చిన్న పెట్రోల్ ఇంజిన్లలో బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, సరైన ఆయిల్ సకాలంలో మార్చకపోతే అది చిట్లి ఆయిల్ దారులు పూడుకుపోతాయి, ఇంజిన్ మొత్తానికే ఎసరు. పన్నెండు నిక్షేపంలాంటి ఎంఓటీ పాస్‌లలో దీని జాడ కనిపించదు.

ఇన్సూరెన్స్ రైట్ ఆఫ్ (బాగుచేయించడం దండగని బీమా కంపెనీ తేల్చిన కారు), బాకీ ఉన్న ఫైనాన్స్ కూడా ఎంఓటీ హిస్టరీలో ఉండవు. డబ్బు కట్టి విడిగా చెక్ చేయించాలి. రైట్ ఆఫ్‌లలో క్యాట్ ఎస్ అంటే బాడీ నిర్మాణానికే దెబ్బ తగిలింది, క్యాట్ ఎన్ అంటే నిర్మాణానికి తగల్లేదు. 2017 అక్టోబర్‌కి ముందు వీటి స్థానంలో సీ, డీ ఉండేవి.

తరచుగా జరిగే పొరపాట్లు

- ఫెయిళ్లు లెక్కపెట్టి కారు వదిలేయడం. నాలుగు ఫెయిళ్లు, ప్రతిసారీ మర్నాడే మంచి మరమ్మతు, మళ్లీ ఆ లోపం రాలేదు అంటే అది మంచి కారు.
- అడ్వైజరీలు లేవని సంబరపడటం. పన్నెండేళ్ల కారుకి ఐదేళ్లుగా ఒక్క అడ్వైజరీ లేకపోతే అంత బాగా చూసుకుని ఉండాలి, లేదా టెస్టర్ రాయలేదు. బిల్లులే తేల్చాలి.
- ఆఖరి టెస్టు ఒక్కటే చదవడం.
- మైళ్లు పొరపాటున తప్పుగా పడితే అది మోసమేనని గొడవపడటం.
- డీలర్ దగ్గర కొన్నా, ప్రైవేటుగా కొన్నా ఒకటే అనుకోవడం. డీలర్ దగ్గరైతే కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం, కొన్నప్పటికే లోపం ఉందని తేలితే 30 రోజుల్లోపు కారు వెనక్కిచ్చే హక్కుంది. ప్రైవేటు అమ్మకంలో అది లేదు, కాబట్టి రికార్డు రెండింతలు శ్రద్ధగా చదవాలి.

మీరు చదివింది సరైనదో కాదో చూసుకోవడం

కొనేముందు ఒక పని చేయండి. ఈ కారు వచ్చే ఎంఓటీలో ఏ ఏ భాగాల దగ్గర ఆగుతుందో మీరే ఒక జాబితా రాయండి. రికార్డు సరిగ్గా చదివితే ఆ జాబితా సులువుగానే వస్తుంది. పై కారుకైతే సిల్, వెనక డిస్కులు, లీక్. ఆ జాబితా పట్టుకుని దగ్గరలోని గ్యారేజ్‌కి ఫోన్ చేసి ఎంతవుతుందో కనుక్కోండి. కారు ధరకి దాన్ని కలిపి, అదే మోడల్ మంచి కారు ధరతో పోల్చండి.

వీలైతే కొనకముందే, కాకపోతే కొన్న వారంలోనే, ఆ కారుతో సంబంధం లేని గ్యారేజ్‌లో లిఫ్ట్ మీద పెట్టించి ఆ జాబితా మెకానిక్ చేతికివ్వండి. జాబితాలో లేనివి కూడా చూడమనండి. మీరు రాయనిది ఏదైనా బయటపడితే, రికార్డులో అది ఏ ఏడాది, ఏ మాటల్లో ఉందో వెనక్కి వెళ్లి వెతకండి. తర్వాతి కారు రికార్డు చదివేటప్పుడు ఆ మాట మీద కన్ను దానంతటదే ఆగుతుంది.